ఏడీడీ పడిందన్న మాట చెవిన పడ్డప్పుడు

అమీర్‌పేటలో ఒక కర్రీ పాయింట్ ఉందనుకుందాం. రాత్రి ఏడున్నర దాటిందంటే హాస్టళ్ల పిల్లలు వచ్చి నిలబడతారు. అన్నం రూములో కుక్కర్లో వండుకుంటారు, కూరకు మాత్రం ఇక్కడికే వస్తారు. పప్పు, సాంబారు, బెండకాయ వేపుడు, ఆదివారమైతే కోడికూర. ఆ కొట్టు నడిపే ఆవిడకు టమాటా ధర, నూనె డబ్బా ధర, గ్యాస్ బండ ధర అన్నీ నోటికొచ్చు. ప్లాస్టిక్ డబ్బాలు వేసే అతను ఒక పొద్దున వచ్చి, "అక్కా, మెటీరియల్ మీద ఏడీడీ పడిందట. డబ్బాకు రూపాయి పెరిగింది. పైనుంచే వచ్చింది, నా చేతిలో ఏం లేదు" అంటాడు. "అట్లనా అన్నా" అని ఆవిడ డబ్బులిచ్చి పంపిస్తుంది. నూనె మీద రూపాయి పెరిగితే మూడు దుకాణాలు అడిగి వచ్చే మనిషి, ఏడీడీ అన్న మూడక్షరాల ముందు మాత్రం ఆగిపోతుంది.

అలా ఆగిపోవడాన్ని నేను చిన్న విషయంగా చూడను. వ్యాపారంలో మన ధైర్యం తగ్గేది నష్టం వచ్చినప్పుడు కాదు, మనకు అర్థం కాని మాటకు తలూపినప్పుడు. ఒకసారి ఊపిన తల రెండోసారి ఇంకా తేలిగ్గా ఊగుతుంది. ఆ మాటను విప్పి చూసి, మన గల్లాపెట్టె దాకా తెచ్చుకుని, అవసరమైతే ఢిల్లీలో మన మాటను రాతపూర్వకంగా నమోదు చేయించుకోవడం ఎలాగో ఈ అధ్యాయంలో చూద్దాం. బంజారా హిల్స్‌లో బేకరీ ఉన్నవారికీ, పంజాగుట్టలో ఒక గదిలోంచి సౌందర్య సాధనాలు అమ్మేవారికీ, జీడిమెట్లలో మోల్డింగ్ షెడ్డు నడిపేవారికీ ఇది పనికొస్తుంది.

ఏడీడీ అంటే యాంటీ డంపింగ్ డ్యూటీ. ఒక విదేశీ కంపెనీ తన దేశంలో 100 రూపాయలకు అమ్మే సరుకును మనకు 80కే పంపిందనుకోండి. ఆ 20 రూపాయల తేడాయే డంపింగ్. లెక్క ఎగుమతి ధర మీద వేస్తారు కాబట్టి ఇక్కడ మార్జిన్ 25 శాతం. చవగ్గా వచ్చిన ప్రతిదీ డంపింగ్ కాదు. అక్కడ 60కి అమ్ముకుంటూ ఇక్కడికి 65కు పంపితే, మన తయారీదారులకు అది ఎంత కష్టమైనా డంపింగ్ కిందకు రాదు. డంపింగ్ జరిగిందని తేలినా సరిపోదు. ఇక్కడి పరిశ్రమకు నష్టం జరిగిందనీ, ఆ నష్టం ఈ దిగుమతుల వల్లే జరిగిందనీ కూడా తేలాలి. మార్జిన్ 2 శాతం లోపు ఉంటే ఆ ఎగుమతిదారు మీద కేసు నిలవదు.

ఇంకో మెట్టు ఉంది. దీన్ని చాలామంది వ్యాపారులు గమనించరు. మన దేశం తక్కువ సుంకం నియమాన్ని పాటిస్తుంది. డంపింగ్ మార్జిన్ 20 రూపాయలైనా, ఇక్కడి తయారీదారు నష్టపోకుండా ఉండటానికి 10 రూపాయల తేడా సరిపోతుందని లెక్క తేలితే ఆ 10 రూపాయలే వేస్తారు. అంటే ఈ సుంకం శిక్ష కాదు, ఎంత గాయమైందో అంత వరకే వేసే కట్టు. ఎవరైనా "చైనా మాల్‌ను ఆపేశారు" అంటే నమ్మకండి. ఆపరు. ధరను ఒక మెట్టు పైకి జరుపుతారు, అంతే.

ఈ పద్ధతికి నూరేళ్లకు పైగా చరిత్ర ఉంది. కెనడా 1904లోనే ఇలాంటి చట్టం చేసింది. 1947 నాటి గాట్ ఒప్పందంలో ఆరో అధికరణం దీని గురించే. మనకు కస్టమ్స్ టారిఫ్ చట్టం 1975లోని 9ఏ సెక్షన్, 1995 నాటి నిబంధనలు ఆధారం. మన దేశం 1992లో మొదలుపెట్టిన తొలి విచారణ ప్లాస్టిక్ ముడిసరుకు మీదే. బ్రెజిల్, మెక్సికో, అమెరికా, దక్షిణ కొరియాల నుంచి వస్తున్న పీవీసీ రెసిన్ మీద ఆ విచారణ జరిగింది. అంటే ప్యాకింగ్ వ్యాపారానికి ఈ సుంకం కొత్త చుట్టం కాదు, మొదటి రోజు నుంచీ ఇంట్లో ఉన్నదే.

ఇప్పుడు మీ ఇంట్లో ఉన్న మాత్రల స్ట్రిప్ ఒకటి చేతిలోకి తీసుకోండి. మన పేటలో దీన్ని చూడటానికి ప్రత్యేక కారణం ఉంది. డాక్టర్ రెడ్డీస్ ప్రధాన కార్యాలయం బంజారా హిల్స్ రోడ్ నంబర్ 3లో, నాట్కో హౌస్ రోడ్ నంబర్ 2లో ఉన్నాయి. ఔషధ ఎగుమతుల మండలి ఫార్మెక్సిల్ 2004లో ఏర్పడి అమీర్‌పేట ఆదిత్య ట్రేడ్ సెంటర్ చిరునామాతో పనిచేసింది. ఈ మూడు నాలుగు కిలోమీటర్ల లోపల మందుల ప్యాకింగ్ మీద జరిగే నిర్ణయాలు దేశంలో ఇంకెక్కడా ఇంత చిక్కగా జరగవేమో అనిపిస్తుంది.

స్ట్రిప్ ముందువైపు పారదర్శకంగా, బుడిపెల్లా ఉన్నది సాధారణంగా గట్టి పీవీసీ ఫిల్మ్. ఎక్కువగా పావు మిల్లీమీటరు మందం ఉంటుంది. తేమ తగలకూడని మందైతే దాని మీద పీవీడీసీ పూత వేస్తారు. వెనకవైపు మనం బొటనవేలితో చించేది అల్యూమినియం రేకు, 20 నుంచి 25 మైక్రాన్లు. ఇంత చిన్న వస్తువులో రెండు వేర్వేరు పరిశ్రమలు, రెండు వేర్వేరు దిగుమతి దారులు, రెండు వేర్వేరు సుంకాల కథలు ఉన్నాయి. 2025 మార్చిలో చైనా అల్యూమినియం రేకు మీద ఆరు నెలలకు తాత్కాలిక సుంకం వేశారు. గరిష్ఠంగా టన్నుకు 873 డాలర్లు. అదే రోజుల్లో పీవీసీ పేస్ట్ రెసిన్ మీద టన్నుకు 89 నుంచి 707 డాలర్ల వరకు ఐదేళ్లకు సుంకం వచ్చింది. చైనా, దక్షిణ కొరియా, మలేసియా, నార్వే, తైవాన్, థాయిలాండ్ ఆ జాబితాలో ఉన్నాయి.

ఇక్కడే జాగ్రత్త పడాలి. "పీవీసీ మీద సుంకం పడింది" అన్న వార్త విని మాత్రల ప్యాకింగ్ చేసే యూనిట్ యజమాని కంగారు పడితే అది అనవసరమైన కంగారు. పేస్ట్ రెసిన్ వెళ్లేది కృత్రిమ తోలు, గ్లవ్స్, ఫ్లోరింగ్ వైపు. స్ట్రిప్ మీది ఫిల్మ్ తయారయ్యేది సస్పెన్షన్ రెసిన్‌తో. పేరు ఒకటే, సరుకు వేరు. వార్తాపత్రిక శీర్షికలో ఈ తేడా పట్టదు. సుంకం వేస్తూ ప్రభుత్వం ఇచ్చే నోటిఫికేషన్లో వస్తువు వర్ణన అని ఒక పేరా ఉంటుంది, దాని వెంటే మినహాయింపులు ఉంటాయి. ఏ మందం నుంచి ఏ మందం వరకు, ఏ రకం కలిసింది, ఏ రకం కలవలేదు అన్నీ అక్కడే ఉంటాయి. నన్నడిగితే ఆ కాగితంలో మొదట చదవాల్సిన పేరా అదే. ధర ఎంతో తర్వాత చూడొచ్చు.

కర్రీ పాయింట్ డబ్బాకు ఇంకా తేలికైన పరీక్ష ఉంది. డబ్బా తిరగేయండి. అడుగున బాణాల త్రికోణంలో ఒక అంకె ఉంటుంది. 1 అంటే పెట్, నీళ్ల సీసాల రకం. 2 గట్టి పాలిథిన్, 3 పీవీసీ, 4 మెత్తటి పాలిథిన్, 5 పాలీప్రొపిలీన్, 6 పాలీస్టైరీన్. వేడి సాంబారు పోసే మూత డబ్బాల మీద ఎక్కువగా 5 కనిపిస్తుంది. మీకు చెప్పిన సుంకం పెట్ రెసిన్ మీదైతే, మీ చేతిలో డబ్బా అంకె 5 అయితే, ఆ సుంకం ఆ డబ్బాకు తగలదు. ధర పెరగడానికి ఇంకో కారణం ఉండొచ్చు. ముడిచమురు పెరిగి ఉండొచ్చు, డాలరు పెరిగి ఉండొచ్చు, ఓడ కిరాయి పెరిగి ఉండొచ్చు. అవి నిజమైన కారణాలే. కానీ ఆ కారణం పేరు సరఫరాదారు నోట రావాలి. "అన్నా, ఇది ఐదో నంబర్ డబ్బా కదా, నువ్వు చెప్పే సుంకం దేని మీద?" అని అడగండి. గొంతు పెంచనక్కర్లేదు. ఈ ఒక్క ప్రశ్నతో మీరు బేరమాడే మనిషి నుంచి విషయం తెలిసిన మనిషి అయిపోతారు. అవతలివారి మాట తీరు కూడా అక్కడే మారుతుంది.

అసలు పెట్ మీద సుంకం ఎలా ఉంటుందో చూద్దాం. 2021 మార్చిలో చైనా పెట్ రెసిన్ మీద ఐదేళ్ల గడువుతో ఏడీడీ వేశారు. టన్నుకు 15.54 డాలర్ల నుంచి 200.66 డాలర్ల వరకు. ఒకే నోటిఫికేషన్లో ఇంత తేడా ఎందుకు? రేటు దేశానికి కాదు, తయారీదారుకు. నోటిఫికేషన్లో ఒక పట్టిక ఉంటుంది. ఏ దేశంలో తయారైంది, ఏ దేశం నుంచి ఎగుమతైంది, తయారుచేసింది ఎవరు, సుంకం ఎంత, ఏ కొలతకు, ఏ కరెన్సీలో అన్నవి దాని గళ్లు. విచారణలో సహకరించి తమ లెక్కలు చూపించిన కంపెనీలకు సొంత రేట్లు ఉంటాయి. చివరి వరసలో "పైవారు కాక ఇతరులు" అని ఉంటుంది. పెద్ద రేటు సాధారణంగా వాళ్లదే.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. డాలరు 85 రూపాయలనుకోండి. పెద్ద రేటు 200.66 డాలర్లు అంటే టన్నుకు దాదాపు 17,056 రూపాయలు, కిలోకు 17 రూపాయల 6 పైసలు. మీరు కొనే పెట్ సీసా ఒకదాన్ని వంటింటి తూకం మీద పెట్టండి. 20 గ్రాములు తూగిందనుకుందాం. సీసాకు పడిన సుంకం 34 పైసలు. చిన్న రేటు 15.54 డాలర్లతో వేస్తే సీసాకు 3 పైసలు కూడా పడదు. దిగుమతి దశలో ఐజీఎస్టీని ఈ సుంకం కూడా కలిపిన విలువ మీద వేస్తారు కాబట్టి, 18 శాతం చొప్పున 34 పైసల మీద ఇంకో 6 పైసలు. మొత్తం 40 పైసలు. సీసాకు రెండు రూపాయలు పెరిగిందని ఎవరైనా సుంకం పేరు చెబితే, ఆ రెండు రూపాయల్లో రూపాయి అరవై పైసలకు వేరే కారణం చూపించాలి.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. సుంకం దిగుమతి మీద పడినా, దేశంలో తయారయ్యే రెసిన్ ధర కూడా దాని వెంట కొంత పైకి లేస్తుంది. చవక సరుకు పోటీ తగ్గిందని ఇక్కడి తయారీదారు తన ధర సవరించుకుంటాడు. అందుకే మీ డబ్బా దేశీ రెసిన్‌తో తయారైనా కొంత పెరుగుదల నిజం కావొచ్చు. నేను చెప్పేది సరఫరాదారుతో పోట్లాడమని కాదు. సుంకం పేరుతో అడగదగినది ఎంతో మీకు తెలిసి ఉండాలి. తూకం, రేటు, డాలరు, ఈ మూడూ ఒక చిన్న నోటు పుస్తకంలో రాసుకోండి. ప్యాకింగ్ కొనే ప్రతి వస్తువు గ్రాముల బరువు అందులో ఉండాలి. నేను చూసినంతలో కూరల వ్యాపారులు, మిఠాయి దుకాణాలవాళ్లు కూడా ఈ బరువు రాసుకోరు. డబ్బాలను వందల లెక్కన కొంటారు. సుంకం, రెసిన్ అన్నీ నడిచేది కిలోల లెక్కలో. ఈ రెండు లెక్కల మధ్య ఉన్న ఖాళీలోనే మన డబ్బు జారిపోతుంది.

హోటళ్లవాళ్లకు ఇంకో సంగతి. తయారీదారుడు తాను కట్టిన ఐజీఎస్టీని క్రెడిట్‌గా తిరిగి తీసుకుంటాడు. 5 శాతం జీఎస్టీ పద్ధతిలో నడిచే రెస్టారెంట్‌కు ఆ క్రెడిట్ లేదు. ప్యాకింగ్ మీద పడిన జీఎస్టీ మొత్తం మీ ఖర్చే. అందుకని పార్సిల్ ఎక్కువగా పోయే బంజారా హిల్స్ వంటశాలలు డబ్బా ధరను పన్ను కలిపే చూసుకోవాలి. సరఫరాదారు "పన్ను కాకుండా" చెప్పిన ధరతో మెనూ ధర వేస్తే నెలాఖరున లెక్క తప్పుతుంది.

ఎగుమతిదారులకు పరిస్థితి వేరు. ఎగుమతి సరుకులో వాడే ముడిసరుకును సుంకం లేకుండా తెచ్చుకోనిచ్చే అడ్వాన్స్ ఆథరైజేషన్ కింద దిగుమతి చేసుకుని, ఆ సరుకును వాడిన ఉత్పత్తిని నిజంగా విదేశానికి పంపితే ఏడీడీ మినహాయింపు ఉంది. నూరు శాతం ఎగుమతి యూనిట్లకూ, ప్రత్యేక ఆర్థిక మండళ్ల యూనిట్లకూ ప్రత్యేకంగా వర్తింపజేస్తే తప్ప సుంకం తగలదు. ఒక మందుల యూనిట్ ఎగుమతి ఆర్డరుకూ, దేశంలో అమ్మే ఆర్డరుకూ ప్యాకింగ్ ఖర్చు ఒకటే వేస్తే ఏదో ఒకచోట పొరపాటు జరుగుతుంది.

ఇప్పటిదాకా కొనేవాళ్ల వైపు నిలబడి మాట్లాడాను. గోడకు అవతలివైపు కూడా మన ఊళ్లోనే ఉంది. జీడిమెట్ల, చర్లపల్లి, కాటేదాన్ షెడ్లలో డబ్బాలు, మూతలు, సీసాలు పోసే చిన్న తయారీదారు ఒకేసారి రెండు వైపులా ఉంటాడు. బయటి నుంచి చవక డబ్బా వస్తే అతనికి కడుపు మీద దెబ్బ, కాబట్టి దాని మీద సుంకం కావాలి. తాను కొనే రెసిన్ మీద సుంకం పడితే ఖర్చు పెరుగుతుంది, కాబట్టి దాని మీద వద్దు. 2025 జూన్‌లో చైనా, తైవాన్ ప్లాస్టిక్ ప్రాసెసింగ్ యంత్రాల మీద 27 నుంచి 63 శాతం సుంకం వేశారు. దేశీ యంత్రాల తయారీదారులకు అది ఊపిరి. కొత్త మోల్డింగ్ యంత్రం కొనాలనుకున్న షెడ్డు యజమానికి బ్యాంకు లోను మళ్లీ లెక్క వేసుకోవాల్సిన పరిస్థితి. ఇతను స్వార్థపరుడనీ, అతను దేశభక్తుడనీ పేర్లు పెట్టడం నాకు నచ్చదు. గొలుసులో ఎక్కడ నిలబడ్డామో దాన్ని బట్టి సుంకం మేలో కీడో అవుతుంది. మీరు గొలుసులో ఎక్కడున్నారో ఒక కాగితం మీద గీసుకోండి. పైన ఏం కొంటున్నారు, కింద ఎవరికి అమ్ముతున్నారు, ఎవరి సరుకు మీకు పోటీ. ఆ బొమ్మ గీసుకోని మనిషి, తనకు కీడు చేసే సుంకానికి చప్పట్లు కొట్టే ప్రమాదం ఉంది.

సుంకం కోసం ఎదురుచూడకుండా దిగుమతి మీద ఆధారపడటాన్నే తగ్గించుకున్నవాళ్లూ మన పక్కనే ఉన్నారు. జూబ్లీ హిల్స్ రోడ్ నంబర్ 36లో ప్రధాన కార్యాలయం ఉన్న మోల్డ్‌టెక్ ప్యాకేజింగ్ పెయింటు డబ్బాలు, ఐస్‌క్రీమ్ డబ్బాలు తయారుచేస్తుంది. డబ్బా అచ్చులో ఉండగానే లేబుల్ దానికి అతుక్కుపోయే ఇన్-మోల్డ్ లేబులింగ్‌ను మన దేశానికి తొలినాళ్లలో తెచ్చిన సంస్థల్లో అది ఒకటి. ఆ లేబుళ్లనూ, వాటిని అచ్చులో పెట్టే రోబోలనూ సొంతంగా తయారుచేసుకునే దాకా వెళ్లింది. అందరికీ అంత పెట్టుబడి సాధ్యం కాదు. కానీ మీరు బయటి నుంచి తెచ్చుకుంటున్న వాటిలో ఒక్కదాన్నైనా ఇక్కడే చేయించగలరా అన్న ప్రశ్న ఏ పరిమాణంలోని వ్యాపారానికైనా వర్తిస్తుంది.

ఇదే సుంకం మన మీదకు కూడా వస్తుంది. అమెరికా 2002లో భారతీయ పెట్ ఫిల్మ్ మీద, 2016లో భారతీయ పెట్ రెసిన్ మీద ఏడీడీ వేసింది. తెలుగువారికి బాగా గుర్తుండాల్సినది మాత్రం రొయ్యల కేసు. 2005లో అమెరికా భారతీయ రొయ్యల మీద ఏడీడీ విధించినప్పుడు విడిగా పరిశీలించని కంపెనీలకు 10 శాతానికి కొద్దిగా పైన రేటు పడింది. విశాఖపట్నానికి చెందిన దేవీ సీఫుడ్స్ తన ఖాతాలు తెరిచి చూపించి విచారణను ఎదుర్కొంది. దానికి పడిన రేటు దాదాపు 5 శాతం. తర్వాతి సమీక్షలను కూడా అలాగే ఎదుర్కొని 2010లో ఆ సుంకం పరిధి నుంచే బయటపడింది. అడిగిన ప్రశ్నలకు లెక్కతో జవాబివ్వగలిగితే వచ్చే ఫలితం అది. ఆ జవాబు వెనక ఏళ్ల తరబడి సరిగ్గా రాసిన పద్దులు ఉండాలి. విచారణ మొదలయ్యాక పద్దులు రాయడం కుదరదు.

ఇక ఢిల్లీలో మన మాట నమోదు చేయించుకోవడం. విచారణ చేసేది వాణిజ్య మంత్రిత్వ శాఖ కింద ఉన్న డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ ట్రేడ్ రెమెడీస్. అందరూ డీజీటీఆర్ అంటారు. పార్లమెంట్ స్ట్రీట్‌లోని జీవన్ తారా భవనంలో ఉంటుంది. 2018లో ఈ పేరు వచ్చింది, అంతకు ముందు డీజీఏడీ. ఇది సిఫార్సు మాత్రమే చేస్తుంది. వేయాలో వద్దో తేల్చేది ఆర్థిక మంత్రిత్వ శాఖ, దానికి మూడు నెలల గడువు. సిఫార్సు వచ్చినా ఆర్థికశాఖ ఒప్పుకోని కేసులు ఉన్నాయి. కాబట్టి "డీజీటీఆర్ సిఫార్సు" అన్న వార్త చూసి గోదాములు నింపుకోవడం తొందరపాటు.

విచారణ మొదలైనట్టు గెజిట్‌లోనూ, డీజీటీఆర్ వెబ్‌సైట్‌లోనూ ప్రకటన వస్తుంది. తుది నిర్ణయానికి ఏడాది గడువు, ప్రత్యేక పరిస్థితుల్లో 18 నెలలు. తాత్కాలిక సుంకం కూడా విచారణ మొదలైన 60 రోజుల లోపు వేయడానికి వీల్లేదు. సరఫరాదారు "రాత్రికి రాత్రే పడింది" అంటాడు. నిజానికి అది చాలా నెలల ముందు నుంచే అందరికీ కనిపించేలా నడిచిన వ్యవహారం. నెలకొకసారి ఆ వెబ్‌సైట్ తెరిచి కొత్త విచారణల జాబితా చూడటానికి పావుగంట చాలు. మీ సరుకు పేరు అందులో కనిపిస్తే వెంటనే రెండు పనులు చేయండి. ఏడాది పొడుగు ఒప్పందాలు రాసుకునేటప్పుడు, కొత్త సుంకం పడితే ఎవరు భరించాలో ఒక వాక్యం చేర్పించండి. రెండోది, జవాబు రాయడానికి కూర్చోండి.

అవును, జవాబు మీరు కూడా రాయవచ్చు. 1995 నిబంధనల్లో ఆరో నిబంధన ప్రకారం ఆ సరుకును వాడే పారిశ్రామిక వినియోగదారులకూ, సరుకు చిల్లరగా అమ్ముడయ్యేదైతే వినియోగదారుల సంఘాలకూ తమ సమాచారం ఇచ్చే అవకాశం కల్పించాలి. ప్రశ్నావళికి జవాబివ్వడానికి నోటీసు అందిన నాటి నుంచి 30 రోజులు. సుంకం కోరే తయారీదారులైతే ముందు అర్హత చూపించాలి. మద్దతిచ్చేవారి ఉత్పత్తి దేశీ ఉత్పత్తిలో కనీసం 25 శాతం ఉండాలి, వ్యతిరేకించేవారి ఉత్పత్తి కన్నా ఎక్కువ ఉండాలి. చిన్న షెడ్లవాళ్లు విడివిడిగా ఆ అంకె చేరలేరు. సంఘంగా కూడితే చేరగలరు. చిన్న పరిశ్రమల కోసం డీజీటీఆర్‌లో హెల్ప్‌డెస్క్ ఉంది. రెడ్ హిల్స్‌లో తెలంగాణ వాణిజ్య పరిశ్రమల సమాఖ్య ఉంది. యూసుఫ్‌గూడలో చిన్న పరిశ్రమల జాతీయ సంస్థ నిమ్స్‌మే ఉంది. అమీర్‌పేట నుంచి ఆటోలో పోయే దూరంలో ఉన్న ఈ చోట్ల అడగడానికి మొహమాటం ఎందుకు?

ఏం రాయాలి అన్నది చాలామందిని ఆపేస్తుంది. "మేము నాశనమైపోతాం" అని రాస్తే ఆ కాగితానికి విలువ ఉండదు. నెలకు ఎన్ని కిలోలు వాడతారు, మూడేళ్లుగా ఏ ధరకు కొన్నారు, దేశీ సరుకు దొరికిందా, దొరికితే నాణ్యతలో తేడా ఏంటి, సుంకం పడితే మీ వస్తువు ధరలో ఎంత శాతం మారుతుంది, ఎంతమందికి పని ఇస్తున్నారు. ఇవి రాయండి. సుంకం మీకు భారం కాదని లెక్కలో తేలితే అదీ నిజాయితీగా రాయండి. పైన సీసాకు వచ్చిన 40 పైసల లాంటి లెక్క విచారణాధికారికి చాలా పనికొస్తుంది. ప్రజల మీద భారం ఎంత అన్నది కూడా అక్కడ చర్చకు వస్తుంది.

మీ కొనుగోలు ధరలు పోటీదారులకు తెలుస్తాయన్న భయం సహజం. దానికి పద్ధతి ఉంది. రెండు ప్రతులు ఇవ్వాలి. ఒకటి రహస్యమైనది, అసలు అంకెలతో. రెండోది అందరూ చూడదగినది, అందులో అంకెల బదులు సూచికలో శాతాలో ఇవ్వవచ్చు. రహస్యం అని రాసి రెండో ప్రతి ఇవ్వకపోతే మీ సమాచారాన్ని పక్కన పెట్టవచ్చు. అవతలి పక్షాల రహస్యం కాని ప్రతులు మీరూ చదవవచ్చు. చదవండి. మీ సరుకు గురించి దేశంలోని పెద్ద కంపెనీలు ఏమనుకుంటున్నాయో అంత వివరంగా ఇంకెక్కడా దొరకదు.

విచారణ మధ్యలో మౌఖిక విచారణ ఉంటుంది. లాయర్లు, పెద్ద కంపెనీల ప్రతినిధులు, విదేశీ ఎగుమతిదారుల తరఫువారు అందరూ ఉంటారు. ఇంగ్లీషు వేగంగా నడుస్తుంది. మీ వంతు వచ్చినప్పుడు మూడు నాలుగు నిమిషాలు చాలు. మీరెవరు, ఏం కొంటారు, ఎంత కొంటారు, సుంకం వల్ల ఏం మారుతుంది. ముందు రోజు ఇంట్లో గట్టిగా చదివి చూసుకోండి. హిందీలోనో, మీకు వచ్చిన ఇంగ్లీషులోనో నెమ్మదిగా చెప్పండి. అంకెలు చెప్పేటప్పుడు కొలత కూడా చెప్పండి. కిలోనా, టన్నా, వంద డబ్బాలా అన్నది స్పష్టంగా ఉండాలి. చెప్పి బయటికి వచ్చాక పని అయిపోయిందనుకోకండి. నిబంధనల ప్రకారం మౌఖికంగా చెప్పినదాన్ని ఆ తర్వాత రాతపూర్వకంగా ఇస్తేనే పరిగణిస్తారు. ఆ రాతకు గడువు అక్కడే ప్రకటిస్తారు. దాన్ని నోటు పుస్తకంలో, గ్రాముల బరువులు రాసుకున్న పేజీ పక్కనే రాసుకుని, హైదరాబాద్ తిరుగు రైల్లోనే మొదటి చిత్తు రాయడం మొదలుపెట్టండి.